నవ్వు ఎవరి మీద? విక్టోరియా తొలినాటి ఇంగ్లీషు బొమ్మల ముచ్చట

"నవ్వు నాలుగు విధాల చేటు" అని మన పెద్దలు ఒక సామెత చెప్పి ఉంచారు. మయసభలో వినబడిన నవ్వు కురుక్షేత్రం దాకా ఎట్లా పోయిందో మనకు తెలియనిది కాదు. కాని ఆ పెద్దలే తెనాలి రామకృష్ణుని కథలు చెప్పి పిల్లలకు అన్నం తినిపించారు. కొలువులో కూర్చుని, కొలువులోని వారికే బుద్ధి వచ్చేటట్లు నవ్వించినవాడాయన. కన్నడం వారూ, తమిళులూ కూడా ఆయన కథలు తమవే అన్నంత చనువుగా చెప్పుకుంటారు. అంటే నవ్వులన్నీ ఒక్కటి కావన్నమాట. కొన్ని చేటు, కొన్ని మందు. ఏది చేటో, ఏది మందో తెలుసుకోవటం ఎట్లా?

ఈ ప్రశ్నకు మంచి పాఠ్యపుస్తకం ఒకటి ఉన్నది. విక్టోరియా రాణి గద్దె ఎక్కిన 1837 మొదలు ఇంచుమించు పదిహేనేళ్ళ పాటు ఇంగ్లండులో అచ్చయిన బొమ్మలు. "మన కుటుంబ పత్రికలో ఆ దొరల బొమ్మల గోల ఎందుకయ్యా?" అని పాఠకులు అడగవచ్చు. ఆ దొరలే మనలను ఏలినవారు. మనం అతికించే తపాలా బిళ్ళ, మన తాతలు ఎక్కిన మూడవ తరగతి రైలుపెట్టె, దినపత్రికలో మనం చూచే కార్టూను, ఇవన్నీ ఆ కాలంలో ఆ ఊళ్ళో పురుడు పోసుకున్నవే. పైగా ఆ బొమ్మలు గీసినవారు పండితుల కోసం గీయలేదు. కాబట్టి మా వంటి మెట్రిక్యులేషను గుమాస్తాలకు కూడా చూచే అధికారం ఉన్నది.

కిటికీ ముందు గుంపు

విక్టోరియాకు ముందు తరంలో లండనులో రాజకీయపు వ్యంగ్యచిత్రాలు లేకపోలేదు. గిల్రే, రోలండ్‌సన్ వంటి ఘనులు రాజునూ మంత్రులనూ పొట్టలు పెంచి, ముక్కులు సాగదీసి గీశారు. అవి రాగిరేకుల మీద చెక్కి, కాగితం మీద ఒత్తి, చేతితో రంగులు వేసిన విడిబొమ్మలు. కొనుక్కునేవారు కలవారు. లేనివారు బొమ్మల దుకాణం కిటికీ ముందు గుంపుగా నిలబడి ఉచితంగా నవ్వుకుని పోయేవారు. చాలా బొమ్మలు బూతుగా కూడా ఉండేవి గనుక ఇంటికి తీసుకుపోయి ఆడవారికీ పిల్లలకూ చూపించే వీలు లేదు.

ఆ బొమ్మలకు రాజులు ఎంత జడిసేవారంటే, 1820 లో జార్జ్ క్రుక్‌షాంక్ అనే చిత్రకారునికి రాజుగారి తరపున నూరు పౌనులు ముట్టినవి. ఎందుకు? నాలుగవ జార్జి రాజును నీతిమాలిన సన్నివేశాలలో గీయకుండా ఉండేందుకు! దానికి రసీదు సహితంగా ఉన్నది. లెక్కల గుమాస్తా ఆ పద్దును ఏ శీర్షిక కింద రాసి ఉంటాడో అని మాకు ఆలోచన కలుగుతుంది.

అదే రోజుల్లో సముద్రం అవతల ఫ్రాన్సులో ఈ నవ్వుకు జైలు ఉండేది. లూయీ ఫిలిప్ రాజును జనం సొమ్మును మింగే రాక్షసుడిగా గీసినందుకు దోమియే అనే మహాచిత్రకారుడు 1832 లో కటకటాలు లెక్కపెట్టాడు. 1835 లో అక్కడి ప్రభుత్వం రాజకీయపు బొమ్మల నోరు చట్టంతో నొక్కేసింది. ఇంగ్లండులో అట్టి చట్టం రాలేదు. అయితే అక్కడ బొమ్మలు తమంతట తామే మర్యాద నేర్చుకున్నాయి.

ఈ మర్యాదకు ముందు నడిచినవాడు జాన్ డాయిల్. ఐర్లండులోని డబ్లిన్ నుండి లండను చేరి స్థిరపడినవాడు. 1829 నుండి 1851 దాకా తొమ్మిది వందలకు పైగా రాజకీయపు బొమ్మలు గీసి, అడుగున "హెచ్. బి." అని మాత్రం సంతకం పెట్టేవాడు. ఆ సంతకం వెనుక ఉన్న మనిషి ఎవరో చాలా ఏళ్ళు లోకానికి తెలియదు. ఆయన బొమ్మలలో మంత్రుల ముఖాలు అచ్చం మంత్రుల ముఖాలే. వికారం ఉండదు, బూతు ఉండదు. చిరునవ్వు మాత్రం ఉంటుంది. ఈయన పేరు, ఈయన ఊరు పాఠకులు గుర్తు పెట్టుకోవాలని మనవి. ముందు ముందు పని ఉన్నది.

చెక్కదిమ్మ మహిమ

బొమ్మ కిటికీ దాటి ఇంట్లోకి రావటానికి కారణం ఒక చెక్క. రాగిరేకును అక్షరాలతో కలిపి అచ్చువేయటం కుదరదు. అక్షరం ఎత్తుగా ఉండి అచ్చవుతుంది. రాగిరేకులో గీత పల్లంగా ఉండి అచ్చవుతుంది. రెంటికీ వేరు వేరు యంత్రాలు కావాలి. బాక్సు అనే గట్టి చెక్కను అడ్డంగా కోసి, ఆ కోసిన ముఖం మీద సన్నని ఉలులతో చెక్కితే ఆ చిక్కు తీరిపోతుంది. గీత అక్షరంతో సమానంగా ఎత్తుగా నిలుస్తుంది. సీసపు అక్షరాల పక్కనే దిమ్మను బిగించి, ఒక్క తిప్పులో మాటనూ బొమ్మనూ కలిపి అచ్చు కొట్టవచ్చు. పెద్ద బొమ్మ అయితే అనేక దిమ్మలను మరలతో బిగించి, ముక్కకు ఒక పనివానిని పెట్టి, రాత్రికి రాత్రే చెక్కించేవారు. తెల్లవారేసరికి ముక్కలన్నీ కలిసి ఒకే బొమ్మ అయ్యేది. పేరు గీసినవానిది, కంటిచూపు పోగొట్టుకున్నది చెక్కినవాడు.

ఈ చెక్కదిమ్మ మీదనే 1841 జూలై 17వ తేదీన "పంచ్" అనే వారపత్రిక పుట్టింది. వెల మూడు పెన్నీలు. హెన్రీ మేహ్యూ, మార్క్ లెమన్ అనే రచయితలూ, ఎబెనేజర్ లాండెల్స్ అనే చెక్కడపు పనివాడూ కలిసి పెట్టిన పత్రిక అది. పంచ్ అంటే అక్కడి వీధి బొమ్మలాటలో వంకర ముక్కు, గూని వీపు గల కొంటెవాడు. చేతి కర్రతో పోలీసునైనా, జడ్జీనైనా వాయించివేస్తాడు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు రాజుగారి కథ మధ్యలో దూరి నానా మాటలూ అని పోతాడే, ఆ వరసవాడు. మొదట పత్రిక సరిగా నడవలేదు. మరుసటి ఏడు బ్రాడ్‌బరీ, ఎవన్స్ అనే అచ్చుకూటం వారు తీసుకున్న తరువాత నిలదొక్కుకున్నది. వారానికి ఒకసారి అందరూ భోజనానికి కూర్చుని, ఆ వారం పెద్ద బొమ్మ ఏమిటో అక్కడే వాదించుకుని తేల్చేవారు.

1842 మే 14న "ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్" వచ్చింది. ఇది నవ్వించే పత్రిక కాదు. వార్తలను బొమ్మలతో చెప్పిన పత్రిక. వెల ఆరు పెన్నీలు, పదహారు పేజీలు, ముప్పైరెండు బొమ్మలు. ఫోటో తీసి పత్రికలో అచ్చువేయటం తెలియని రోజుల్లో, రాణిగారి ఊరేగింపు ఎట్లా ఉంటుందో, అగ్నిప్రమాదం ఎట్లా జరిగిందో పల్లెలో కూర్చుని చూచే భాగ్యం కలిగింది. ఒక పత్రిక కన్ను, ఇంకొకటి కన్నుగీటు!

"కార్టూను" పుట్టిన రోజు

ఇవాళ మనం చిన్నా పెద్దా అందరం అనే "కార్టూను" అనే మాటకు ఈ అర్థం వచ్చిన ముచ్చట వినదగినది. 1834 లో లండను పార్లమెంటు భవనం తగలబడిపోయింది. కొత్త భవనం గోడల మీద గొప్ప గొప్ప చిత్రాలు వేయించాలని ప్రభుత్వం సంకల్పించి, చిత్రకారులను పోటీకి పిలిచింది. గోడ మీద వేసే ముందు దళసరి కాగితం మీద నమూనా గీస్తారు. ఇటలీ భాష నుండి వచ్చిన మాటతో ఆ నమూనాను కార్టూను అనేవారు. 1843 జూలైలో వెస్ట్‌మినిస్టర్ హాలులో ఆ నమూనాలను ప్రదర్శనకు పెట్టారు.

అవి దేశంలో ఆకలి రోజులు. రొట్టె ధర మండిపోతున్నది, పనులు లేవు. "పంచ్" వారు "మేమూ కార్టూన్లు వేస్తాము" అని ప్రకటించి, జూలై 15 సంచికలో మొదటిది వేశారు. గీసినవాడు జాన్ లీచ్. బొమ్మలో ఒక ప్రదర్శనశాల. గోడ నిండా బంగారు చట్రాలలో కొవ్వెక్కిన పెద్దమనుషుల రూపాలు. వాటి ముందు చింకిపాతల తల్లులు, కర్రల మీద నిలిచిన కుంటివారు, ఎముకలు తేలిన పిల్లలు నోరు తెరిచి చూస్తున్నారు. రొట్టె అడిగిన బీదకు ప్రభుత్వం బొమ్మల ప్రదర్శన పెట్టిందని తాత్పర్యం. అందులో ఎవరి ముక్కూ సాగదీయలేదు, ఎవరినీ తిట్టలేదు. ఉన్నది ఉన్నట్లు పక్క పక్కన పెట్టాడు, అంతే. ఆ నాటి నుండి రాజకీయపు వ్యంగ్యచిత్రానికి కార్టూను అనే పేరు స్థిరపడిపోయింది.

అంటే, పాఠకులారా, ఈ మాట పుట్టుకలోనే ఆకలి ఉన్నది.

అదే సంవత్సరం డికెన్సు రాసిన "క్రిస్మస్ కేరల్" కథకు బొమ్మలు వేసినవాడు కూడా ఈ లీచే. క్రిస్మస్ సంచికలో థామస్ హుడ్ అనే కవి, చొక్కాలు కుట్టి పొట్ట పోసుకునే ఆడదాని దుఃఖాన్ని గేయంగా రాస్తే "పంచ్" అచ్చు వేసింది. నవ్వుల పత్రికలో ఏడుపు గేయం ఏమిటని ఎవరూ అనలేదు. దేశమంతా దాన్ని పాడుకున్నది.

తపాలా కథలు రెండు

మా వంటి ఆఫీసు మనుషులకు నచ్చే కథలు రెండు ఉన్నవి. రెండూ తపాలాకు సంబంధించినవే.

1840 లో రోలండ్ హిల్ పూనికతో దేశమంతటికీ ఒక పెన్నీ తపాలా వచ్చింది. నల్ల తపాలా బిళ్ళతో పాటు, ముందుగానే డబ్బు కట్టిన బొమ్మల కవరు కూడా విడుదల చేశారు. దాన్ని గీసినవాడు విలియం మల్‌రెడీ అనే పేరున్న చిత్రకారుడు. నడుమ బ్రిటానియా దేవి సింహంతో కూర్చుని రెక్కల దూతలను నలుదిక్కులకూ పంపుతుంటుంది. ఒక పక్క ఏనుగులు, ఒంటెలు, తూర్పుదేశాల మనుషులు. ఉత్తరం రాసుకునే కాగితానికి ఇంత ఆర్భాటమా అని లండను పగలబడి నవ్వింది. ఎగతాళి కవర్లు దుకాణాలలో బారులు తీరినవి. అప్పటికి ఇరవైల వయసులోని లీచ్ కూడా ఒకటి వేసి, సంతకం బదులు సీసాలో జలగను గీశాడు. లీచ్ అంటే జలగ కదా! విడుదలైన పది పన్నెండు రోజులకే రోలండ్ హిల్ ఆ కవరుకు బదులు వేరొకటి చూసుకోవాలని తన దినచర్యలో రాసుకున్నాడు. చివరకు మిగిలిపోయిన రాశుల కొద్దీ కవర్లను నాశనం చేయటానికి ప్రత్యేకంగా యంత్రం చేయించవలసి వచ్చింది. జనం నవ్వి ఒక ప్రభుత్వ ఫారాన్ని రద్దు చేయించిన సందర్భం చరిత్రలో ఇంకొకటి ఉంటే మాకు వినాలని కోరిక.

రెండవది ఇంకా గట్టిది. 1844 లో మాజీనీ అనే ఇటలీ దేశభక్తుడు లండనులో తలదాచుకుని ఉన్నాడు. తన ఉత్తరాలు ఎవరో విప్పి చదువుతున్నారని అనుమానం కలిగి, కవర్లలో గసగసాలూ ఇసుక రేణువులూ వేసి పరీక్షించాడు. చేరేసరికి గింజలు లేవు! సంగతి పార్లమెంటుకు ఎక్కింది. విప్పించినవాడు హోంమంత్రి సర్ జేమ్స్ గ్రాహం. "పంచ్" ఆయనను తపాలా కచ్చేరీలో పరుల ఉత్తరాలలో తల దూర్చే చాడీకోరుగా గీసింది. గ్రాహం విరుగుడు కవరు అని పేరు పెట్టి లీచ్ చేత ఒక కవరు కూడా గీయించి అచ్చు వేసింది. పార్లమెంటులో ప్రశ్నలు, పత్రికలలో కోపం, వీధిలో నవ్వు, మూడూ కలిసినవి. ఆ సంవత్సరమే తపాలాలోని రహస్య శాఖను ఎత్తివేశారు.

చూడండి: ఈ రెండు నవ్వులూ కింద నుండి పైకి పోయినవి. అధికారం ఉన్నవానికి తగిలినవి. తగలటం వలన మంచే జరిగింది గాని ఎవరి కంచంలో కూడూ పోలేదు.

మంత్రుల మీద వేసినవి మచ్చుకు రెండు చెబుతాము. విదేశపు ధాన్యం మీద సుంకం తీసివేస్తే రొట్టె చౌక అవుతుందని కాబ్డెన్ ఉద్యమం నడిపాడు. ప్రధానమంత్రి పీల్ కాళ్ళీడ్చాడు. 1845 లో లీచ్ బొమ్మ: కాబ్డెన్ తండ్రి, పీల్ చిన్న పిల్లవాడు. తండ్రి చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోతుంటే పిల్లవాడు అంత వేగం నడవలేనని మారాము చేస్తున్నాడు. మరుసటి ఏడు, 1846 లో, పీల్ ఆ సుంకాల చట్టాన్ని రద్దు చేయనే చేశాడు. 1851 లో ప్రధానమంత్రి జాన్ రసెల్ పోపు మతం వారి మీద మొదట కేకలు వేసి, తరువాత మెత్తబడి నీరుగారిన చట్టం తెచ్చినప్పుడు, ఆయనను కార్డినల్ గారి తలుపు మీద సుద్దముక్కతో రాసి పారిపోతున్న అల్లరి కుర్రవానిగా గీశాడు. ప్రధానమంత్రిని కుర్రవానిగా చూపించినా జైలు లేదు, జరిమానా లేదు. ఫ్రాన్సు సంగతి తలచుకుంటే ఇది చిన్న విషయం కాదు.

ఇల్లూ వాకిలీ

రాజకీయాలతో పాటు ఇంటి ముచ్చట్లు కూడా ఆ బొమ్మలలో కోకొల్లలు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మనం అంటాము. ఆ రెంటిలో మొదటిదాని మీద లీచ్ 1849 లో బ్రిగ్స్ అనే గృహస్థును పుట్టించాడు. ఆయన ఇంటి కప్పు మీద పలక ఒకటి కదిలింది. బాగు చేయటానికి మేస్త్రీ వచ్చాడు. పలకతో మొదలైన పని నిచ్చెనలకూ, సారవలకూ, గోడలు పడగొట్టటానికీ పాకింది. ఇల్లంతా సున్నం, ధూళి. యజమాని నెత్తిన చెయ్యి. సొంత ఇంటికి మరమ్మతు చేయించిన పాఠకులకు ఇంతకన్న వర్ణన అక్కర లేదు.

జాన్ డాయిల్ గారి కుమారుడు రిచర్డ్ డాయిల్ కూడా "పంచ్"లో చేరి, 1849 లో ఇంగ్లీషువారి ఆచార వ్యవహారాలను పాతకాలపు పుస్తకంలోని గీతల వలె వరుసగా గీశాడు. ఒక్కొక్క బొమ్మలో వందలాది మనుషులు. క్రికెట్టు మైదానం, గుర్రప్పందాలు, రైలు స్టేషనులో బండి ఆగిన కాస్త సేపట్లో ఎగబడి తింటున్న ప్రయాణికులు. నోట్లో ముద్ద, చెవి గంట మీద. నూట డెబ్బై ఏళ్ళు దాటినా ఆ ముఖాలు ఏ జంక్షనులోనైనా కనబడుతూనే ఉన్నవి.

రైలు పెట్టెలు కూడా మంచి పాఠమే. 1841 క్రిస్మసుకు ముందు రోజు సోనింగ్ అనే చోట గ్రేట్ వెస్టర్న్ బండి మట్టిపెళ్ళలకు గుద్దుకుని, కప్పు లేని తొట్టి వంటి పెట్టెలలో ఉన్న మూడవ తరగతి కూలీలు తొమ్మిదిమంది పోయారు. అందులో చాలామంది ఆ కొత్త పార్లమెంటు భవనం కడుతూ పండుగకు ఇంటికి పోతున్న రాతి పనివారు. 1844 లో చట్టం వచ్చింది. రోజుకు ఒక బండి అయినా మైలుకు పెన్నీ చొప్పున, పైన కప్పుతో, బీదలకు నడపాలని. 1847 లో "ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్" గుర్రప్పందాలకు పోయే జనాన్ని మూడు వరుసలుగా గీసి చూపించింది. మొదటి తరగతిలో మెత్తలూ పెద్దమనుషులూ, రెండవ దానిలో చెక్కబల్లలు, మూడవ దానిలో తెరిపి మీద కిక్కిరిసిన కేరింతలు. పైన వ్యాఖ్యానం అక్కర లేదు.

లీచ్ గీసిన జంట బొమ్మ ఇంకొకటి. ఒక వైపు అద్దం ముందు ముస్తాబవుతున్న దొరసాని. రెండవ వైపు కొవ్వొత్తి వెలుగులో సూది పట్టి వంగిపోయిన ఒంటరి పడుచు. ఒకరిది అలంకారాల ఖర్చు, ఇంకొకరిది సూది కూలి. కింద మాటలు చదవనక్కర లేకుండానే గుండె కలుక్కుమంటుంది.

మా జాతిని, అంటే గుమాస్తాలను, ఆ పత్రికలు వదలిపెట్టలేదు. చాలీ చాలని జీతం, కళ్ళు చెదిరే గళ్ళ కోటు, చవక చుట్ట, దొర పోకడ! ఆ బొమ్మలు చూచి మేము నవ్వుకున్నాము. నవ్వుతూనే మా కోటు ఒకసారి చూచుకున్నాము. ఆ నవ్వులో ముల్లు ఉన్నా విషం లేదు.

గీత కిందికి తిరిగినప్పుడు

ఇంతవరకు మందు. ఇక చేటు సంగతి.

ప్రతి మగవానికీ వోటు కావాలని చార్టిస్టులు అనే కార్మికులు ఉద్యమం నడిపారు. 1842 లో వారి మహజరు మీద ముప్పై లక్షలకు పైగా సంతకాలు పడినవి. పార్లమెంటు తోసివేసింది. 1848 ఏప్రిల్ 10న లండనులో వారు సభ జరిపినప్పుడు "పంచ్" వారిని నవ్వులపాలు చేసింది. అయిదేళ్ళ కిందట బీదల పక్షాన నిలిచిన పత్రికే! ఆకలితో నిలబడి చూచే బీదను చూచి జాలిపడింది. హక్కు అడిగిన బీదను చూచి నవ్వింది. ఆ ఉద్యమం అడిగిన ఆరు కోరికలలో ఐదు తరువాత కాలంలో ఆ దేశపు చట్టాలే అయినవి.

ఇంతకన్న దారుణం ఐర్లండు విషయం. 1845 నుండి అక్కడ బంగాళాదుంప పంట తెగులుతో కుళ్ళిపోయి మహాక్షామం వచ్చింది. సుమారు పది లక్షలమంది మరణించారు. మరి అంతమంది దేశం విడిచిపోయారు. 1849 లో సహాయంగా యాభై వేల పౌనులు ఇచ్చే మాట వచ్చినప్పుడు "పంచ్" బొమ్మ వేసింది. ఇంగ్లీషు కూలివాడు బరువుతో వంగి నడుస్తున్నాడు. అతని మెడల మీద ఐర్లండువాడు కాళ్ళు వేలాడదీసుకుని, యాభై వేల సంచి పట్టుకుని పళ్ళికిలిస్తున్నాడు. ఈ బొమ్మ గీసిన చేయి ఎవరిదనుకున్నారు? ప్రదర్శనశాలలో ఆకలిపిల్లలను గీసిన లీచ్ చేయే! చేయి అదే, నేర్పు అదే, చెక్కదిమ్మ అదే. తిరిగిన దిక్కు మాత్రం వేరు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

1850 లో పోపు ఇంగ్లండులో తమ మతాధికారులను తిరిగి నియమించినప్పుడు దేశమంతా రేగింది. "పంచ్" కూడా వారం వారం పోపునూ ఆ మతాన్నీ ఎగతాళి చేయసాగింది. ఇందాక గుర్తు పెట్టుకోమన్న పేరు ఇప్పుడు పనికి వస్తుంది. డాయిల్ కుటుంబం డబ్లిన్ నుండి వచ్చినది, ఆ మతం వారే. రిచర్డ్ డాయిల్ వయసు అప్పటికి ఇరవై ఆరు. "పంచ్" ముఖపత్రం మీద ఆ కొంటె బొమ్మ గీసినవాడు ఆయనే. పేరు ఉన్నది, జీతం ఉన్నది, తోటివారి స్నేహం ఉన్నది. అయినా తన వారి విశ్వాసం మీద వారం వారం నవ్వే బల్ల దగ్గర కూర్చోలేక ఉద్యోగం వదలుకున్నాడు.

విచిత్రం ఏమిటంటే, ఆయన వెళ్ళిపోయినా ఆయన గీసిన ముఖపత్రాన్ని మాత్రం "పంచ్" నూరేళ్ళకు పైగా ప్రతి వారం అచ్చు వేసుకుంటూనే ఉన్నది. మనిషి మనసు పట్టలేదు, మనిషి పని పట్టింది! పరాయి ఊళ్ళో మూడు నాలుగు తరాలుగా పనిచేసి బతుకుతున్న మన బోటి వారికి ఈ ముక్క విడమరచి చెప్పనక్కర లేదు.

డాయిల్ ఖాళీ చేసిన కుర్చీలోకి వచ్చినవాడు జాన్ టెనియల్. తరువాత 1865 లో "ఆలీసు" కథకు బొమ్మలు వేసి లోకప్రసిద్ధుడైనవాడు. ఆయనే 1857 ఆగస్టులో, మన సిపాయిల తిరుగుబాటు వేళ, పెద్ద బొమ్మ గీశాడు. నేలకూలిన తెల్ల స్త్రీ మీద, బిడ్డ మీద బెంగాలు పులి నిలబడి ఉన్నది. బ్రిటిషు సింహం దాని మీదికి దూకుతున్నది. పగ తీర్చుకోవాలని బొమ్మ అరుస్తున్నది. కాన్పూరులో స్త్రీలూ పిల్లలూ చావటం నిజమే. ఆ దుఃఖాన్ని మనం కాదనము. కాని ఒక దేశం మొత్తాన్ని పులిని చేసి పెట్టిన తరువాత, ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టటం వేటగా కనబడుతుంది గాని హత్యగా కనబడదు. కార్టూను చేయగల చేటు అది.

ఆ విత్తనం మన నేలలో

ఆయుధం వారిదే అయినా, దాన్ని పట్టటం మనవారు త్వరలోనే నేర్చుకున్నారు. 1854 లోనే బొంబాయిలో "పార్సీ పంచ్" వచ్చింది. 1877 లో లక్నోలో "అవధ్ పంచ్" ఉర్దూలో దొరలను చురకలు వేసింది. తెలుగున కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1870లలో "హాస్యసంజీవని" పెట్టి లంచగొండులనూ మూఢాచారాలనూ ప్రహసనాలతో దుమ్ము దులిపారు. 1930 ప్రాంతాల "భారతి"లో బొమ్మలు వేసిన తలిశెట్టి రామారావుగారిని తెలుగు కార్టూనుకు ఆద్యుడని చెప్పుకుంటాము. మైసూరులో పెరిగిన ఆర్. కె. లక్ష్మణ్ గారు అక్షరాలు కూడబలుక్కోవటం రాకముందే ఇంట్లోకి వచ్చే "పంచ్" వంటి పత్రికల బొమ్మలు చూస్తూ కూర్చునేవారట. ఆయన గళ్ళకోటు సామాన్యుడు బొంబాయి పత్రికలో అర్ధశతాబ్దం నోరు మెదపకుండా నిలబడి మంత్రులను చూశాడు. తల్లి పత్రిక "పంచ్" 1992 లో ఆగి, 1996 లో మళ్ళీ లేచి, 2002 లో పూర్తిగా మూతపడింది. పిల్లలు మాత్రం దేశదేశాల బతికే ఉన్నారు.

ఇన్ని బొమ్మలు తిరగవేసిన మీదట మాకు తోచిన కొలబద్ద ఒకటే. బొమ్మ బాగున్నదా లేదా అని కాదు, నవ్వు ఏ దిక్కుకు పోతున్నది అని చూడాలి. జవాబు చెప్పగల శక్తి ఉన్నవాని మీదికి పోతే అది మందు. గ్రాహం మంత్రికి పార్లమెంటు ఉన్నది. లేచి జవాబు చెప్పుకున్నాడు. రోడ్డు పక్కన ఆకలితో చస్తున్న ఐర్లండువానికి "పంచ్" కొనేందుకు మూడు పెన్నీలు లేవు. ఇక జవాబు ఎక్కడ అచ్చు వేస్తాడు?

ఈ కొలబద్ద దొరలకే కాదు, మనకూ వర్తిస్తుంది. మన పిల్లలు బడిలో మాట్లాడే మాటలో తెలుగు యాస దొర్లితే తోటివారు నవ్వటం, ఆ నవ్వుకు భయపడి పిల్లలు ఇంట్లో కూడా తెలుగు మానుకోవటం మనలో చాలా ఇళ్ళలో ఉన్న సంగతే. ఆ నవ్వు ఎంత చేటో మనకు తెలుసు. మరి మనం ఏం చేస్తున్నాము? ఆంధ్రదేశం నుండి కొత్తగా వచ్చిన కూలి కుటుంబం మన పట్నపు మర్యాద తెలియక తడబడితే నవ్వుతున్నాము. ఇంట్లో పనిమనిషి మాటను అనుకరించి చుట్టాల ముందు నవ్విస్తున్నాము. మన తెలుగులో అరవమో కన్నడమో కలిసిందని వేసవి సెలవుల్లో అక్కడివారు నవ్వితే ఉడుక్కుంటాము. ఇక్కడ ఇంకొకరి తెలుగును చూచి మనమూ నవ్వుతాము. సెల్‌ఫోనులో వచ్చిన ఎగతాళి బొమ్మను ఎవరికి తగులుతుందో చూడకుండానే పదిమందికి పంపుతున్నాము.

అందుకని నవ్వటం మానమని మేము అనము. నవ్వు లేని ఇల్లు దీపం లేని ఇల్లే. పిల్లలకు కార్టూను చూపించినప్పుడు, వారు నవ్విన తరువాత, "ఇది ఎవరి మీద నవ్వు? ఆయన జవాబు చెప్పుకోగలడా?" అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఆ ప్రశ్న వేసుకోవటం నేర్చినవాడు తెనాలి రామకృష్ణుని వంశంలో చేరినట్లే. వేసుకోనివాడు ఎంత చక్కగా గీసినా, ఎంత చక్కగా నవ్వించినా, ఆకలిగొన్నవాని మెడ మీద బరువు ఎక్కిస్తున్నవాడే.